మరక, మైల, తెలుపు

తెలుపు అన్న మాట మన భాషలో రెండు పనులు చేస్తుంది. నామవాచకంగా అది ఒక రంగు. క్రియగా అది చెప్పడం, ఎరుకపరచడం. తెలియడం, తెలివి, తెల్లవారడం అన్నీ ఒకే ధాతువు చుట్టూ అల్లుకున్న మాటలు. చీకట్లో కనపడనిది కనపడటమే తెల్లవారడం. కానీ ఇంట్లో, ముఖ్యంగా పెరట్లో బట్టల బకెట్ ముందు, తెలుపు చేసే పని దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ తెల్లగా ఉండటమంటే ఏమీ జరగనట్టు ఉండటం. ఎవరూ తినలేదు, ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరికీ నెత్తురు పోలేదు, ఎవరూ పక్క తడపలేదు అని ఆ బట్ట చెప్పాలి. చెప్పడం కూడా కాదు, దాచాలి. ఒకే మాట ఇటు ఎరుకపరచడమూ అటు దాచిపెట్టడమూ ఎలా అయింది? మరకలు పడ్డ బట్టల్ని క్లోరిన్ బ్లీచ్ లేకుండా తెల్లగా చెయ్యడమనే చిన్న ఇంటి పని నన్ను ఈ ప్రశ్న దగ్గరికి తీసుకొచ్చింది.

ముందు బ్లీచ్ సంగతి చూద్దాం. క్లోరిన్‌ని స్వీడన్‌లో షీలే 1774లో మొదటిసారి తయారుచేశాడు. అది రంగుల్ని తినేస్తుందని ఫ్రాన్స్‌లో బెర్తొలే 1780లలో గమనించి బట్టల మీద వాడిచూశాడు. 1799లో స్కాట్లండ్‌కి చెందిన చార్లెస్ టెనెంట్ బ్లీచింగ్ పౌడర్‌కి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు యూరప్‌లో నారబట్టని బూడిద నీళ్ళలో నానబెట్టి, పుల్లటి మజ్జిగలో ముంచి, పచ్చిక మైదానాల్లో ఎండకి పరిచి తెల్లబరిచేవాళ్ళు. దానికి నెలలు పట్టేది. మరమగ్గాల మీద గుట్టలుగా బట్ట తయారవుతున్న కాలంలో నెలల తరబడి ఆగే ఓపిక మిల్లు యజమానులకి లేదు. క్లోరిన్ ఆ నెలల్ని గంటలకి కుదించింది. కాబట్టి బ్లీచ్ పుట్టుకలో ఉన్నది శుభ్రత కాదు, తొందర. ఆ తొందరే తర్వాత సీసాల్లోకెక్కి మన ఇళ్ళలోకి వచ్చింది.

ఆ సీసాలో ఉండేది సోడియం హైపోక్లోరైట్. అది మరకలో రంగుకి కారణమైన అణువుల్ని విరగ్గొడుతుంది. చాలాసార్లు పదార్థం అక్కడే మిగిలి ఉంటుంది, కంటికి కనపడే గుణం మాత్రం పోతుంది. ఇది మరకని కడగడం కన్నా మరక నోరు నొక్కడం లాంటిది. అది మరకనీ, నూలునీ వేరు చేసి చూడదు. పదేపదే వాడితే నూలు పోగు నీరసించి, దుప్పటి మధ్యలో జల్లెడలా చిరుగుతుంది. పట్టునీ, ఉన్నినీ అయితే తినే ఏస్తుంది. నీళ్ళలో ఇనుముంటే తెల్లబరచబోయి తుప్పు మరకలు తెచ్చిపెడుతుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వదుల్తుంది. అమోనియాతో కలిస్తే క్లోరమిన్లు పుడతాయి. మూత్రంతో తడిసి నిలవున్న బట్టల్లో అమోనియా ఉంటుంది. పసిపిల్లల గుడ్డలూ మంచాన ఉన్నవాళ్ళ పక్కబట్టలూ ఉతికేది ఎవరో మనకి తెలుసు కాబట్టి, ఆ వాయువులు పీల్చేది ఎవరో కూడా తెలుసు.

నాకు ఈ రసాయన శాస్త్రం పుస్తకాల ద్వారా రాలేదు. పక్షవాతం వచ్చి అమ్మ పద్నాలుగు నెలలు మంచం మీద ఉంది. ఆమెకి అప్పటికే ఆయాసం. బ్లీచ్ వాసన పక్క గదిలోకి వచ్చినా ఊపిరి అందక అల్లాడిపోయేది. అమ్మకి తెల్ల దుప్పటి తప్ప మరొకటి పనికిరాదు. జీవితమంతా తెల్ల దుప్పట్ల మీద పడుకున్న మనిషి, పువ్వుల దుప్పటి వేస్తే పక్కింట్లో పడుకున్నట్టుందని విసుక్కునేది. కాబట్టి రోజుకి మూడు తెల్ల దుప్పట్లు, అయిదారు అడ్డగుడ్డలు, దిండు గలీబులు. వాటి మీద మూత్రం, మలం, మందుల సిరప్పు, పప్పు పసుపు, పుండ్ల రసి, అప్పుడప్పుడు నెత్తురు. బ్లీచ్ మాత్రం ఇంట్లోకి రాకూడదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ అప్పటికి పదేళ్ళుగా మాతో ఉంది. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళు గోదావరి రేవులో బట్టలు ఉతికిన కుటుంబం. మొదటి వారం నేను అన్ని దుప్పట్లనీ ఒకే బకెట్లో, ఒకే సబ్బు పొడిలో నానబెట్టబోతుంటే ఆమె ఆపింది. "మరకని చూసి కంగారు పడిపోకూడదండి. ముందు దాని పుట్టక కనుక్కోవాలండి. నీళ్ళు తర్వాతండి" అంది.

ఆ పుట్టకల జాబితా చాలా పొడవైంది. నెత్తురు మాంసకృత్తు. వేడి తగిలితే గుడ్డులా గడ్డకట్టి పోగుల్లో కూచుంటుంది. దానికి చన్నీళ్ళే, అదీ ఆరకముందే. ఆరిపోతే కొంచెం ఉప్పు నీళ్ళలో నానాలి. మందుల షాపులో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నెత్తురు తెల్లగా నురుగు కక్కుతుంది. నెత్తురులోని ఎంజైమే పెరాక్సైడ్‌ని విడగొట్టి ఆక్సిజన్‌ని బయటికి తెస్తుంది కాబట్టి అలా పొంగుతుంది. పసుపు మరకకి సబ్బు రాస్తే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం పారాణి కలిపిన ప్రతి చేతికీ తెలుసు. క్షారం తగిలితే పసుపు చేసే పని అదే. కంగారు పడక్కర్లేదు. జాడించి ఎండలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో పసుపు వెలిసిపోతుంది. టీ మరక, అరటి కర వగరు జాతి. వాటి మీద ముందే సబ్బు గట్టిగా రుద్దితే ఇంకా నల్లబడతాయి. తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు, ఎండ. బురదని తడపకూడదు, ఆరనిచ్చి దులపాలి. ఏ మరకైనా పూర్తిగా పోకముందు ఇస్త్రీ పెట్టె తగలకూడదు. పలచటి గంజి పెట్టిన బట్టకి మరక గంజిని పట్టుకుంటుంది, నూలుని కాదు. మళ్ళీ ఉతికినప్పుడు గంజితో పాటే దిగిపోతుంది. అంటే గంజి సోకు కాదు, బట్టకి తొడిగిన పల్చటి కవచం.

నిలవ మరకలకీ, మొత్తంగా పచ్చబారిన దుప్పట్లకీ నేను సోడియం పర్‌కార్బొనేట్ పొడి కొన్నాను. ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో అమ్మేది అదే. గోరువెచ్చటి కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్ళలో, నలభై నుంచి అరవై డిగ్రీల దగ్గర, బాగా పనిచేస్తుంది. కొన్ని గంటలు నానాలి. పట్టుకీ ఉన్నికీ పనికిరాదు. నీళ్ళలో పడగానే అది రెండుగా విడిపోతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, చాకలి సోడాగా. పెరాక్సైడ్ తన పని చేసి చివరికి నీళ్ళూ ఆక్సిజనూ అయిపోతుంది. సోడా మిగుల్తుంది.

చాకలి సోడా అన్న పేరు దగ్గర నేను ఆగిపోయాను. సోడియం కార్బొనేట్‌ని మన భాష అలాగే పిలుస్తుంది. చవుడు నేలల మీద తెల్లగా పొంగే మట్టిని తవ్వి తెచ్చి, ఆ నీళ్ళలో బట్టలు ముంచి, బాన పెట్టి ఉబ్బవేసి, బండ మీద ఉతికి, ఇసుక తిప్పల మీద ఆరేసిన పద్ధతి రేవులో తరతరాలుగా ఉంది. ఆ మట్టిలో జిడ్డుని కోసేది ముఖ్యంగా ఈ సోడాయే. తడి బట్ట మీద ఎండ చేసే పని కూడా ఆక్సిజన్‌తో రంగుని విరగ్గొట్టడమే. క్లోరిన్ లేని ఆధునిక పద్ధతి అని నేను డబ్బు పెట్టి కొన్నది చాలావరకు రేవులోని మట్టీ ఎండా చేసిన పనినే పొడిగా మార్చి డబ్బాలో పోసినది. జర్మనీలో 1907లో పెర్సిల్ అన్న సబ్బు పొడి వచ్చినప్పుడు, దానిలో ఇలాంటి మరో ఆక్సిజన్ పదార్థం కలిపినందుకు, బట్ట దానంతటదే తెల్లబడుతుందని గొప్పగా ప్రచారం చేశారు. దానికి పేటెంట్లున్నాయి, చరిత్ర ఉంది. చవుడుకి ఏ చరిత్రా లేదు. ఆ జ్ఞానానికి మనం ఇచ్చిన గుర్తింపల్లా ఒక కులం పేరు. అదీ బయట తిట్టుగా వాడే పేరు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాత పద్ధతి మంచిది, ప్రకృతికి దగ్గర, కొత్తది చెడ్డది అనే పాట నేను పాడను. రేవు జ్ఞాపకం మనకి అందంగా ఉంటుంది, ఎందుకంటే మనం ఒడ్డున నిలబడి చూశాం. చవుడు చేతుల్ని తింటుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో పూటంతా నిలబడితే కాళ్ళ వేళ్ళ సందులు ఒరుస్తాయి. బాన పొగకి కళ్ళు పోతాయి. వాళ్ళ అమ్మమ్మ అరచేతుల్లో గీతలు ఉండేవి కాదని ఆమె ఒకసారి మామూలుగా, కూర తరుగుతూ చెప్పింది. క్లోరిన్ ఒక విషం. కానీ విషం కానిదంతా అమృతం కాదు. పెరాక్సైడ్ కూడా చర్మాన్ని తెల్లగా పొక్కిస్తుంది. చేతికి తొడుగు వేసుకోకుండా పర్‌కార్బొనేట్ నీళ్ళలో పెట్టకూడదు.

కాబట్టి అసలు నైతిక ప్రశ్న ఏ పొడి మంచిది అన్నది కాదు. బ్లీచ్ చేసేది ఒక్కటే, కాలాన్ని కుదించడం. దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టిన రోజున ఆ కాలం మళ్ళీ విచ్చుకుంటుంది. నెత్తురుకి ఒక బకెట్, పసుపుకి ఒక ఎండ, మూత్రానికి ఒక రాత్రి నానబెట్టడం. ఒక్కో మరకకి ఒక్కో ఓపిక. ఆ విచ్చుకున్న కాలాన్ని ఎవరు భరిస్తారు? నేను కాలేజీకి వెళ్తే ఆమె. ఆమె రాని రోజు నేను. హైదరాబాదు నుంచి అన్నయ్య వచ్చిన రోజు కూడా మేమిద్దరమే. పర్యావరణం గురించి, రసాయనాలు లేని ఇల్లు గురించి వచ్చే వ్యాసాలన్నీ గృహిణికి సలహాలుగానే ఉంటాయి. భూమిని కాపాడే పని కూడా అంట్లూ బట్టల జాబితాలో ఇంకో వరసగా చేరుతుంది. ఒక విషాన్ని వద్దనుకోవడం మంచి నిర్ణయమే. ఆ నిర్ణయం నాది, దాని బరువు మరొకరిది అయినప్పుడు ఆ మంచి ఎవరి ఖాతాలో పడాలి?

మేం ఒక లెక్క వేసుకున్నాం. దుప్పట్ల పని ఇంటిపనిలో భాగం కాదు, దానికి వేరే జీతం, వేరే గంటలు. రాత్రి నానబెట్టడం నాది, పొద్దున జాడించడం ఆమెది. అన్నయ్య నెలకి వారం రోజులు వచ్చేవాడు. ఆ వారం బట్టలు అతనివి. మొదటిసారి అతను వేడినీళ్ళలో నెత్తురు గుడ్డని వేసి మరకని శాశ్వతం చేశాడు. "దాని పుట్టక అడగలేదండి చిన్నబాబుగారు" అని ఆమె నవ్వింది. రెండోసారి అడిగాడు. ఇదేం విప్లవం కాదు. కానీ మరకని గురించిన జ్ఞానం ఆడవాళ్ళకి పుట్టుకతో రాదనీ, యాభై అయిదేళ్ళ మగవాడు కూడా రెండు వారాల్లో నేర్చుకోగలడనీ మా ఇంట్లో రుజువైంది.

పరామర్శకి వచ్చేవాళ్ళ చూపులు మాత్రం మారలేదు. వాళ్ళు ముందు దుప్పటి చూసేవాళ్ళు, తర్వాత అమ్మ మొహం. తెల్లగా ఉంటే "కూతురు బాగా చూసుకుంటోంది" అనేవాళ్ళు. ఒక మూల లేత పసుపు చారిక కనిపిస్తే మాట్లాడేవాళ్ళు కాదు. పక్కబట్ట తెలుపు మీద కూతురి ప్రేమకి మార్కులు పడతాయి, కొడుకుకి పడవు. సబ్బు ప్రకటనలు కూడా దశాబ్దాలుగా ఇదే చెప్తూ వచ్చాయి. మగవాడి చొక్కా కాలరు, పిల్లవాడి యూనిఫాం తెల్లగా ఉంటే ఒక ఆడమనిషి పాసయినట్టు.

ఆ తెలుపులోనూ ఎంత నిజముందో చూడండి. నీలిమందు మరకని తియ్యదు. పచ్చబారిన బట్టకి కాస్త నీలం కలిపితే కంటికి తెల్లగా అనిపిస్తుంది, అంతే. రాబిన్ బ్లూ అయినా ఉజాలా అయినా చేసేది అదే. సబ్బు పొడుల్లో కలిపే మెరుపు పదార్థాలు కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని తాగి నీలి కాంతిగా వదుల్తాయి. వాటి పొర పోగుల మీదే ఉండిపోతుంది. అంటే మనం తెలుపని మురిసిపోయేది చాలావరకు నీలి మాయ. శానిటరీ నాప్‌కిన్ల ప్రకటనల్లో నెత్తురు బదులు నీలి ద్రవం పోసి చూపించిన ఏళ్ళు మనందరికీ గుర్తే. అక్కడా నీలమే, ఇక్కడా నీలమే. ఆడవాళ్ళ దేహం నుంచి వచ్చిన ఎరుపుని ఒప్పుకోలేని చోట నీలం వచ్చి నిలబడుతుంది.

మన భాషలో మురికికీ, అంటుకీ ఒకే మాట ఉంది, మైల. మైల బట్ట అంటే మాసిన బట్ట. మైల అంటే చావుకీ, పురుడుకీ, ముట్టుకీ వచ్చే అశౌచం కూడా. మాసిపోవడం సబ్బుతో పోతుంది. ఈ రెండో మైల సబ్బుతో పోదు, అది మనుషుల చుట్టూ గీసిన గీత. ఈ రెండింటినీ ఒకే మాటలో కట్టేయడంలోనే పెద్ద మోసం జరిగింది. పెద్దమనిషైన పిల్ల కట్టువిడుపు బట్టలూ, పురిటి గుడ్డలూ, చావింటి పక్కబట్టలూ ఉతికి ఇంటిని మళ్ళీ శుభ్రం చేసేది రజక స్త్రీ. ఆమె లేకుండా ఆ ఇంటి మైల తీరదు. కానీ ఆమె చలవ చేసి తెచ్చిన బట్ట మడికి పనికిరాదు, మళ్ళీ నీళ్ళలో తడిపి ఆరేసుకోవాలి. మురికిని పోగొట్టిన చెయ్యే మైల అయింది. పంట చేతికొచ్చినప్పుడు మేరగా కొంత ధాన్యం, సాయంత్రం గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగితే అన్నం. ఊరంతటినీ తెల్లగా నిలబెట్టినందుకు ఇచ్చిన ప్రతిఫలం అది.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ ఆ చేతుల్లోంచి వచ్చిన మనిషే. సొంతంగా కౌలుకి తీసుకుని పండించిన పంటని దొర ఎత్తుకుపోబోతే సంఘం అండతో నిలబెట్టుకుంది. తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో ఆమె పేరు లేని పుస్తకం లేదిప్పుడు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె, ఇంకా అనేకమంది స్త్రీలు నోటితో చెప్పిన జీవితాలు ఉన్నాయి. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. కులం పేరుతో సహా పెట్టారు, చాకలి ఐలమ్మ అని. సంతోషించాను. అదే సమయంలో, ఆ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో చవుడు గురించి, బాన గురించి, ఒక్కో మరక పుట్టక గురించి ఒక పాఠం ఉంటే ఎలా ఉంటుందని అనుకున్నాను. పేరు గోడకెక్కడం గౌరవం. ఆ చేతుల్లోని తెలివి పాఠమవడం న్యాయం. కంచ ఐలయ్య 2009 నాటి 'పోస్ట్ హిందూ ఇండియా'లో రజకుల్ని అట్టడుగు స్త్రీవాదులుగా చూపించారు. ఆడా మగా కలిసి ఉతికే కులంలో పనికి లింగభేదం సడలుతుందన్నది ఆయన గమనింపు. రేవులో కలిసి ఉతికినా ఇంట్లో వంట ఎవరు చేశారన్న ప్రశ్న మనం వెయ్యాల్సిందే. కానీ నెత్తుటి గుడ్డని ముట్టుకోవడానికి జంకని మగవాళ్ళు ఉన్న సమాజం ఒకటి మన పక్కనే ఉందన్న సంగతిని స్త్రీవాదులం ఎంత ఆలస్యంగా గమనించాం అన్నది కూడా ప్రశ్నే.

తెలుపు అందరికీ ఒకటి కాదు. గంజి పెట్టిన ఖద్దరు చొక్కా తెలుపు అధికారం. మురికిలోకి దిగనక్కర్లేదని చెప్పే తెలుపు అది. ఈ రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ కాలపు వితంతువుల మీద కప్పిన తెలుపు ఆజ్ఞ. అది నీ మీద ఇక ఏ రంగూ, ఏ కోరికా, ఏ గుర్తూ కనపడకూడదన్న ఆజ్ఞ. మనిషికి పెట్టిన బ్లీచ్ అది. మరకతో పాటు పోగునీ తినేసింది.

మరి తెలుపుని పూర్తిగా వదిలెయ్యాలా? రంగు దుప్పట్లు వేస్తే సమస్య తీరిపోతుంది కదా అని చాలామంది సలహా ఇచ్చారు. ముదురు రంగు మీద మరక కనపడదు. నేనూ ఆలోచించాను. కానీ మంచం పట్టిన తొమ్మిదో నెలలో ఒక పొద్దున అమ్మ దుప్పటి మీద రూపాయి కాసంత లేత గులాబీ రంగు మచ్చ కనిపించింది. పసుపు కాదు, మందు కాదు. "ఇది నీటిలోంచి వచ్చిన నెత్తురండి" అంది ఆమె, గుడ్డని వెలుగుకి పట్టి చూసి. పరీక్షలు చేయిస్తే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్. అమ్మకి మాట పోయింది కాబట్టి మంట అని చెప్పలేదు. దుప్పటి చెప్పింది. ముదురు నీలం దుప్పటి అయితే చెప్పేది కాదు. రోజూ బ్లీచ్ పోసి మరకల్ని చూడకుండానే చెరిపేసే ఇల్లయినా వినేది కాదు.

ఆస్పత్రుల్లో తెల్ల దుప్పట్లు ఎందుకు వేస్తారో ఆ రోజు నాకు కొత్తగా అర్థమైంది. తెలుపు గొప్పతనం దాని మీద మరక లేకపోవడంలో లేదు, మరకని చూపించగలగడంలో ఉంది. మన భాష ఎప్పుడో చెప్పిన రెండో అర్థం ఇదే. తెలిపేది తెలుపు. మరకని అసహ్యంగా చూసేవాళ్ళకి తెలుపు ఒక పరువు. మరకని చదవగలిగేవాళ్ళకి అదొక కాగితం. క్లోరిన్ లేకుండా తెల్లబరచడంలో నాకు కనిపించిన విలువ ఈ చదువే. ఎందుకంటే అది ఉతికేవాళ్ళ చేత ప్రశ్న అడిగిస్తుంది. నువ్వు ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎంతసేపయింది, నీకేం కావాలి అని. క్లోరిన్ ఏమీ అడగదు. పుట్టుకని బట్టి మనుషుల్ని వెలివేసిన సమాజంలో, ఆ వెలికి గురైన ఇంటి ఆడమనిషి మరక పుట్టుకని అడిగేది దాన్ని వెలివెయ్యడానికి కాదు, దానికి తగ్గ నీళ్ళు పొయ్యడానికి. నీతి శాస్త్రంలో ఇంతకన్నా మంచి పాఠం నేను చదవలేదు.

అందుకే ఆ తర్వాతి నెలల్లో మేం శుభ్రాన్నీ తెలుపునీ విడదీశాం. వేడినీళ్ళు, సబ్బు, పూర్తి ఎండ, ఇవి శుభ్రానికి చాలు. ఆ మూడూ అయ్యాక కూడా మిగిలిన లేత చారికని వదిలేశాం. అది మురికి కాదు, జరిగినదాని ఆనవాలు. చుట్టాలు చూస్తే చూడనీ. ఆ చారికని కూడా పోగొట్టడానికి పట్టే ఇంకో రెండు గంటలు ఒక ఆడమనిషి నడుములోంచి రావాలి. రసాయనాన్ని వద్దనే ముందు తెల్లదనం మీద మన ఆశని కాస్త తగ్గించుకోకపోతే, విషం స్థానంలో శ్రమని పెట్టినట్టే అవుతుంది. ఇల్లు మారినట్టు కాదు.

రాసేవాళ్ళం కనుక ఇది మన బల్ల మీదికీ వస్తుంది. ఒక స్త్రీ తన మాటల్లో చెప్పిన జీవితాన్ని పత్రికకి సిద్ధం చేస్తూ మాండలికాన్ని సరిచేస్తాం, బూతుని తీసేస్తాం, పునరుక్తిని కొట్టేస్తాం, కోపాన్ని ఒక మెట్టు దించుతాం. చివరికి పేజీ చాలా తెల్లగా ఉంటుంది. అన్ని దిద్దుబాట్లూ తప్పని నేననను. చన్నీళ్ళతో జాడించడం వేరు, హైపోక్లోరైట్ పొయ్యడం వేరు. ఏ మాట మురికో, ఏ మాట ఆనవాలో తేల్చుకునే ముందు దాని పుట్టక అడిగామా అన్నదే తేడా.

రేవుకి వెళ్ళే బట్టల కొసన నల్లజీడి గింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవాళ్ళు. రెండు చుక్కలు, ఒక గీత, ఒక సున్నా. బళ్ళో అక్షరం నేర్పని చేతులు సొంతంగా కల్పించుకున్న లిపి అది. ఆ రసం చర్మం మీద పడితే పొక్కుతుంది, బట్ట మీద పడితే ఎన్ని ఉతుకులకీ పోదు. ఊళ్ళో ఎంత తెల్లటి పంచె కొసనైనా అంత నల్లటి మచ్చ ఒకటి ఉండి తీరేది, అది ఎవరి బట్టో గుర్తుపట్టడానికి. ఉతికినవాళ్ళ కోసం ఏ గుర్తూ పెట్టలేదు.